ఇరవై నాలుగో గీత

పొద్దున ఏడు కాకముందే పిడికిలి మామ ఫౌండ్రీ షెడ్డులో ఉండేవాడు. తిండి డబ్బా మేకుకి తగిలించి, బూట్లు తొడుక్కోకుండానే ఉత్త కాళ్లతో ఇసుక గుట్ట దగ్గరకి వెళ్లేవాడు. వంగి పిడికెడు ఇసుక తీసేవాడు. గట్టిగా పిసికి, పిడికిలి విప్పి, ఆ ముద్దని రెండు చేతులతో మధ్యకి విరిచేవాడు. వేళ్ల అచ్చులు చెదరకుండా ముద్ద శుభ్రంగా విరిగిందంటే ఇసుక కుదిరినట్టు. పొడిపొడిగా రాలిందంటే నీళ్లు చాలనట్టు. అరచేతికి అంటుకుందంటే తడి ఎక్కువైనట్టు. చూసుకున్నాక, "తండ్రీ, ఈ పూట కూడా అందరి కాళ్లూ చేతులూ నీకే అప్పగింత" అని లోపలే అనుకుని, వెనక్కి తిరిగి తల ఊపేవాడు.

ఆ తల ఊగేదాకా షెడ్డులో ఇసుక దట్టించే దిమ్మిస ఒక్కటి కూడా లేచేది కాదు.

అది ఎవరూ ఇచ్చిన పని కాదు. దానికి పైసా రాదు. కానీ నీళ్ల పంపుల డొప్పలన్నీ ఇసుక మూసల్లోనే పోత పోస్తారు. తడి ఎక్కువైన మూసలో కరిగిన ఇనుము పోస్తే ఆ తడి ఆవిరై, పోవడానికి దారి లేక, ఇనుముని మనిషి మీదకే ఎగజిమ్ముతుంది. పందొమ్మిదేళ్లలో మామ తల ఊపిన రోజున ఎవరి ఒంటి మీదా చుక్క పడలేదు. పేరు కూడా అలాగే వచ్చింది. జీతాల కాగితంలో వేరే పేరేదో ఉండేది గానీ, దానితో పిలిస్తే అతనే పలికేవాడు కాదు.

షెడ్డుకి ఇంకో కట్టుబాటు ఉండేది. అది గోడ మీద ఉండేది.

కూలి మూసకి ఇంత అని. ఒక మూస పూర్తయితే ఎవరి మేకు కింద వాళ్లు సుద్దతో ఒక గీత గీసుకోవాలి. ఇరవై నాలుగో గీత గీసి సుద్దముక్క కింద పెట్టేయాలి. పైన ఒక్కటి కూడా గీయకూడదు. చేతకాక కాదు, చేతనైన వాళ్లే అందరూ. పూర్వం ఎద్దు అని ఒక బలశాలి ఉండేవాడు. పెళ్లి కుదిరిన హుషారులో ఒక నెలంతా రోజుకి ముప్పై మూడు చేశాడు. ఓనరు గోడ చూశాడు, ముప్పై మూడు చెయ్యగలిగినప్పుడు మూసకి అంత కూలి దేనికన్నాడు, రేటు కోసేశాడు. ఆ తర్వాత పాత ఇరవై నాలుగు మూసల కూలి ఇంటికి తీసుకెళ్లాలంటే అందరూ ముప్పై మూడు చెయ్యాల్సి వచ్చింది. రెండేళ్లకి ఎద్దు నడుం పోయింది. అందరూ పని మాని పదకొండు రోజులు గేటు బయట నిలబడితే గానీ పాత రేటు తిరిగి రాలేదు. ఎద్దు ఇప్పుడు అదే గేటు దగ్గర వాచ్‌మన్. ఎవరు కొత్తగా చేరినా పిలిచి, చొక్కా ఎత్తి నడుం పట్టీ చూపించేవాడు. "ఇదిగో, నా ముప్పై మూడు" అనేవాడు.

ఇరవై నాలుగు పై హద్దే కాదు, కింది హద్దు కూడా. జ్వరం వచ్చినవాడు, రాత్రంతా పిల్లని ఎత్తుకు తిరిగినవాడు పద్దెనిమిది దగ్గర ఆగిపోతే, ముందుగా అయినవాళ్లు చడీచప్పుడూ లేకుండా వచ్చి తలా ఒక మూస దిమ్మిస కొట్టి పోయేవాళ్లు. ఎవరూ థాంక్స్ చెప్పేవారు కాదు. మర్నాడు తమ వంతు వస్తుందని అందరికీ తెలుసు.

ఆ ఏడు వానలకి ముందు కాంట్రాక్టరు వ్యానులోంచి తొమ్మిది మంది దిగారు. సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లు. వేరే భాష, వేరే నడక. ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల గదిలో అందరినీ ఒకే చోట పెట్టాడు. వాళ్లు వచ్చిన దారి షెడ్డు పక్క వాకిలి కాబట్టి ఎద్దు నడుం వాళ్ల కంటపడలేదు. మొదటి రోజే వాళ్లలో ఒక్కొక్కరి గీతలు ముప్పై ఐదుకి చేరాయి. చోటు చాలక గీతలు మేకు పక్కకి వంపు తిరిగాయి.

మామ మర్యాదగానే మొదలుపెట్టాడు. వాళ్లలో పెద్దవాడు, పొడుగాయన, కాస్త కాస్త మన మాట పట్టుకుంటున్నాడు. మామ అతన్ని గోడ దగ్గరకి తీసుకెళ్లి, తన గీతలు చూపించి, వేళ్లు ముడిచి విప్పి ఇరవై నాలుగని చెప్పాడు. పొడుగాయన శ్రద్ధగా చూశాడు. నవ్వాడు. తన గీతల వైపు తిరిగి వేళ్లు ముడిచి విప్పి ముప్పై ఐదని చూపించాడు.

మామ చెవులు ఎర్రబడ్డాయి. పెద్దరికానికి వచ్చి చెబితే నీకంటే పదకొండు ఎక్కువ అని వెక్కిరిస్తాడా అనుకున్నాడు. ఆ రోజు నుంచి వాళ్లతో మాట మానేశాడు. ఇసుక మాత్రం తమదీ వాళ్లదీ రెండు గుట్టలూ చూసేవాడు, ఎందుకంటే అది చేతికి పడ్డ అలవాటు. వాళ్లకి భాష రాకపోయినా ఆ తల ఊపు రెండో రోజే తెలిసిపోయింది. తొమ్మిది మందీ దిమ్మిసలు పట్టుకుని, అతని తల వైపే చూస్తూ నిలబడేవాళ్లు.

మూడో వారంలో పాతవాళ్లలో అయిదుగురిని రేపటి నుంచి రావద్దన్నారు. అందులో మామ బావమరిది ఒకడు. కరిగిన ఇనుము మోసే లాడిల్‌కి రెండు పక్కలా పొడుగాటి కడ్డీలుంటాయి, ముందొకడు వెనకొకడు పట్టుకోవాలి. పదకొండేళ్లు ముందు మామ, వెనక బావమరిది. వెనకవాడి అడుగు ముందువాడి వీపుకి తెలియాలి. ఇప్పుడు ఆ వెనక కడ్డీకి పొడుగాయన వచ్చాడు.

అదే రోజు సూపర్‌వైజరు, అందరూ కళ్లజోడు అని పిలిచే ఆయన, గోడ ముందు నిలబడి చదివినట్టు చెప్పాడు. "నెలాఖరు దాకా ఈ గోడ చూస్తాను. ముప్పై ఐదు గీతలు నిలిస్తే, ఒకటో తారీకు నుంచి రేటు దాని ప్రకారమే. అందరికీ."

నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులు.

ఆ సాయంత్రం మామ ఇంటికి వెళ్లేసరికి అత్తమ్మ కిటికీ పక్కన కుట్టుమిషను తొక్కుతోంది. షెడ్డులో వాళ్లకి అతను మామ కాబట్టి, భార్య అందరికీ అత్తమ్మే. గుమ్మం మీద ఆమె తమ్ముడు కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"బావా, లాడిల్ వెనక ఎవడు ఇప్పుడు?" అన్నాడు.

"పొడుగోడు."

"అడుగు కలుస్తోందా? కొత్త కాపురం ఎలా ఉంది?"

"నోరు ముయ్యరా."

అత్తమ్మ మిషను ఆపలేదు. "పదకొండేళ్లు వీడు వెనక నడిచాడని ఇంత దిగులా? ఇరవై ఆరేళ్లుగా నేను వెనక నడుస్తున్నా, ఒక్కనాడు తిరిగి చూసిన పాపాన పోలేదు."

"నీ వెనక నడిచేది నేనే, ఆ సంగతి వీధి వీధికీ తెలుసు" అన్నాడు మామ, నవ్వకుండా.

"అయితే ఇది కూడా విను. పొద్దున నా నీళ్ల డబ్బా మూడు అంతస్తులు మోసి పెట్టింది ఆ పొడుగాయనే. అడగలేదు నేను. నా సొంత తమ్ముడు మంచం మీద ఉన్నాడు అప్పుడు."

"నా పని లాక్కుని ఖాళీగా ఉన్నాడు కదక్కా, మోస్తాడు."

"పనికి పోతూ మోశాడు అతను. ఖాళీగా ఉన్నది నువ్వు."

మామకి ఒక్కసారిగా ఒళ్లు మండింది. "నీళ్లు మోస్తే మోశాడు. మన కంచం కూడా అలాగే మోసుకుపోతున్నాడు, అది కనబడదు నీకు. పదకొండు రోజులు గేటు బయట ఎండలో నిలబడింది నేను. వాడెవడు? నిన్న దిగాడు. నా ముఖం మీద ముప్పై ఐదు చూపించాడు."

అత్తమ్మ అప్పుడు మిషను ఆపింది. భర్త గొంతు అంత ఎత్తుకి లేవడం ఆమె పెద్దగా ఎరగదు. గ్లాసులో టీ పోసి అతని ముందు పెట్టింది.

తమ్ముడు గొంతు తగ్గించాడు. "కోపం ఎందుకు బావా. ఒక నాలుగు రోజులు వాళ్ల సరుకు చెడితే చాలు. వేగం పని చెడ్డ పని అని ఓనరుకి తెలిసొస్తుంది. గోడ మళ్లీ ఇరవై నాలుగుకి దిగుతుంది. వాళ్ల ఇసుక నువ్వెందుకు చూడాలి అసలు? వాళ్లేమైనా కూలి ఇస్తున్నారా నీకు?"

మామ గ్లాసు ముట్టుకోలేదు. టీ చల్లారిపోయింది.

మర్నాడు రాత్రి వాన మొదలైంది. తెల్లవార్లూ పడింది. పొద్దున మామ వచ్చేసరికి షెడ్డు నేల చెమ్మగా ఉంది. ఎప్పటిలాగే మేకుకి డబ్బా, ఉత్త కాళ్లు. తమ వైపు గుట్టలో పిడికెడు తీసి విరిచాడు. శుభ్రంగా విరిగింది. అలవాటు కొద్దీ రెండో గుట్ట దగ్గరకి నడిచాడు. పైన రేకు పగిలి, అక్కడి నుంచి నీళ్లు ఇంకా బొట్లు బొట్లుగా పడుతున్నాయి. పైపైన ఎవరో పొడి ఇసుక చల్లారు గానీ, లోపలికి చెయ్యి పెట్టగానే అతనికి తెలిసిపోయింది. పిసికాడు. విప్పాడు. ముద్ద విరగలేదు. అరచేతికి అంటుకుపోయింది.

తొమ్మిది మందీ చూస్తున్నారు. పొడుగాయన అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు.

వద్దని తల అడ్డంగా ఊపితే చాలు. గంట సేపు పొడి ఇసుక కలుపుకుంటారు, తిరగేస్తారు, ఆ రోజుకి వాళ్ల గీతలు ముప్పై దగ్గర ఆగుతాయేమో, అంతే. మామకి ఆ నవ్వు గుర్తొచ్చింది, ముడిచి విప్పిన ఆ వేళ్లు గుర్తొచ్చాయి. సరుకే కదా చెడేది అని తనకి తాను చెప్పుకున్నాడు. పందొమ్మిదేళ్ల పనివాడికి అది అబద్ధమని తెలియదా. తెలుసు. అరచెయ్యి పంట్లాముకి తుడుచుకున్నాడు. తండ్రీ అన్న మాట ఆ పూట మనసులోకి రాలేదు.

నిలువునా తల ఊపాడు.

మధ్యాహ్నం మూడింటికి పోత మొదలైంది. ముందు మామ, వెనక పొడుగాయన, మధ్యలో తెల్లగా కాగుతున్న లాడిల్. పాతవాళ్ల మూసలు ముందు పోశారు, పెరుగు తోడుకున్నట్టు మెదలకుండా గట్టిపడ్డాయి. తర్వాత అవతలి వరస. మొదటి మూస బుడబుడమంది. రెండోది కొంచెం పొంగింది. మామ వీపు మీద చెమట చల్లబడింది. ఆపుదాం అనాలి. అంటే ఎందుకని అడుగుతారు. మూడో మూస మీదకి లాడిల్ వంచారు.

చప్పుడు పెద్దగా లేదు, మూతి బిగించిన సీసా తెరిచినట్టు ఉంది. ఇనుము పైకి చిమ్మింది. మామకి ఒక్క చుక్క తగల్లేదు. చిమ్మింది వెనక వైపుకి. పొడుగాయన మోచేతి మీద, ముంజేతి మీద పడింది, చొక్కా అంటుకుంది. ఆ క్షణంలో ఏ మనిషైనా చేతిలోది వదిలేస్తాడు. కడ్డీ వదిలితే లాడిల్ ముందుకి పొర్లుతుంది, మామ కాళ్ల మీదకి. పొడుగాయన వదల్లేదు. పళ్ల మధ్య నుంచి ఏదో శబ్దం వచ్చింది. ఒక అడుగు వెనక్కి వేశాడు, మామతో అడుగు కలిపి ఇంకొకటి వేశాడు. ఇద్దరూ లాడిల్‌ని నేల మీద నిలబెట్టారు, ఒక్క బొట్టు ఒలకకుండా. అప్పుడు కూర్చున్నాడు. అప్పుడు చెయ్యి చూసుకున్నాడు.

టీలు తెచ్చే అవ్వ అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది, తాగే నీళ్ల కుండ ఎత్తుకుని. ఎవరూ చెప్పకుండానే ఆ చేతి మీద ధారగా పోస్తూ కూర్చుంది. నీళ్లు అయిపోతే ఎద్దు పట్టీ నడుంతోనే ఇంకో కుండ మోసుకొచ్చాడు.

కళ్లజోడు వచ్చి మూసలు లెక్క చూశాడు. మనిషిని చూడలేదు.

"ఆసుపత్రికి బండి చెప్పండి" అన్నాడు మామ.

"వాడు మన జీతాల కాగితంలో లేడు. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తా."

కాంట్రాక్టరు ఫోన్‌లోనే అన్నాడట, ప్రమాదం ఫ్యాక్టరీలో జరిగింది కాబట్టి ఫ్యాక్టరీయే చూసుకోవాలని.

"ఇసుక నీది, ఇనుము నీది, డొప్ప నీది" అన్నాడు మామ. "కాలిన చెయ్యి మాత్రం ఎవరిదీ కాదా?"

"నువ్వెందుకు ఎగురుతున్నావ్? నీకు కావలసిందీ ఇదే కదా. పోసినవీ, చిమ్మి పాడైనవీ కలిపి పదమూడు మూసలు చెడ్డాయి" అన్నాడు కళ్లజోడు. తర్వాత కాగితం వైపు చూసి, మామూలు మాటలా అన్నాడు. "అయినా ఫరవాలేదులే. వాళ్లు తొమ్మిది మంది. చెడినవి తీసేసినా మనిషికి ముప్పై పైనే పడుతోంది. మీకంటే ఎక్కువే."

మామ గోడ మీద గీతల వైపు చూశాడు. ఒక మనిషి చెయ్యి కాలింది, గోడ మీద లెక్క కూడా తగ్గలేదు. తన అబద్ధం ఖరీదు అది. మరి దాని లాభం ఎవరి జేబులోకి పోయిందో కళ్లజోడు ముఖంలో కనబడుతోంది. కోపం కూడా కూలి మనిషి లాంటిదే. మనం పెంచి పోషించినా, పోయి ఇంకొకరి పొలంలో పని చేస్తుంది.

చివరికి మామే పొడుగాయనని ఆటోలో చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి నర్సు పేరు అడగలేదు, కాగితాలు అడగలేదు. చొక్కా గుడ్డ ఊడదీస్తున్నంతసేపూ, పొడుగాయనకి అర్థం కాకపోయినా, తన పిల్లలు బడిలో చేసే అల్లరి గురించి చెబుతూనే ఉంది.

మర్నాడు సెలవు. పొద్దున మామ రేకుల గదికి వెళ్లాడు. అత్తమ్మ ఒక పాత దుప్పటిని మెత్తగా మడిచి, చెయ్యి ఆనించుకోవడానికి ఒక చిన్న దిండులా కుట్టి ఇచ్చింది. ఎలా కాలిందని ఆమె అడగలేదు గానీ, ఇచ్చేటప్పుడు అతని ముఖంలోకి కాస్త ఎక్కువసేపు చూసింది.

గదిలో తొమ్మిది చాపలు, ఒక పొయ్యి, ఒక కిటికీ. పొడుగాయన గోడకి ఆనుకుని ఉన్నాడు. మిగతావాళ్లు లేచి చోటిచ్చారు. ఒకడు టీ పెట్టాడు. ఉన్న ఒక్క గాజు గ్లాసులో మామకి పోసి, తను మూతలో పోసుకున్నాడు.

మామ గ్లాసు కింద పెట్టి, దిండు పొడుగాయన చేతి కిందకి జరిపాడు.

"నిన్న ఇసుక తడిగా ఉంది" అన్నాడు. "నాకు తెలుసు. తెలిసీ తల ఊపాను."

పొడుగాయన కట్టు ఉన్న చెయ్యి దిండు మీంచి ఒళ్లోకి తీసుకున్నాడు.

"అన్నా. నీ చెయ్యి, ఇసుక అంటింది" అన్నాడు. ఒక్కో మాటా వెతుక్కుంటున్నాడు. "నేను చూసాను. కానీ నువ్వు తల ఊపావు. అన్నకి తెలుసు, నాకు తెలీదు, అనుకున్నా."

ఇంతకంటే చెంప మీద కొట్టినా మామకి నయంగా ఉండేది. పొడుగాయన తన వాళ్లకి వాళ్ల భాషలో చెప్పాడు. టీ పెట్టినవాడు లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంకొకడు ఏదో గట్టిగా అన్నాడు. దానికి అర్థం చెప్పమని మామ అడగలేదు.

"రేపటి నుంచి మా ఇసుక మేమే చూస్తాం" అన్నాడు పొడుగాయన. "నీ తల వద్దు."

"వద్దు. న్యాయమే" అన్నాడు మామ. పందొమ్మిదేళ్ల పని అలా పోయింది. వెంటనే లేచి వెళ్లిపోదామనిపించింది, కానీ వచ్చిన పని ఇంకా మిగిలే ఉంది. "ఒకటి చెప్పు. ఆ రోజు గోడ దగ్గర నవ్వి ముప్పై ఐదు ఎందుకు చూపించావు?"

"నువ్వు ఎన్ని అని అడిగావు. చెప్పాను." పొడుగాయనకి ఆశ్చర్యం వేసింది. "కాంట్రాక్టరు చెప్పాడు, ఇక్కడ అందరూ ముప్పై ఐదు. ముసలివాళ్లు చేతకాక ఇరవై నాలుగు. అందుకే తీసేస్తున్నారు. మీరూ తగ్గితే మిమ్మల్నీ వెనక్కి పంపుతా అన్నాడు."

"మూసకి మీకెంత?"

చెప్పాడు. మామ కూలిలో సగం కూడా లేదు. గదికి, తిండికి, ప్రయాణానికి అని అందులోనూ కోత. తొమ్మిది మంది కాగితాలూ కాంట్రాక్టరు బీరువాలో ఉన్నాయి. వాళ్ల ముప్పై ఐదుకి, మామ పదహారు మూసలకి ఒకటే కూలి.

మామకి మళ్లీ ఒళ్లు మండింది. ఈసారి ఆ మంట ఈ గదిలోని వాళ్ల వైపు పోలేదు. నోటికొచ్చిన తిట్టు ఒకటి తిట్టాడు, ఇరవై ఏళ్లలో అలాంటిది తిట్టి ఎరగడు. కిటికీ దగ్గరవాడు భాష రాకపోయినా ఆ తిట్టు అర్థమై వెనక్కి తిరిగాడు.

తర్వాత మామ జేబులోని సుద్దముక్కతో నేల మీద గీతలు గీస్తూ చెప్పాడు, ఎద్దు ముప్పై మూడు గురించి, నడుం గురించి, గేటు బయట పదకొండు రోజుల గురించి. పొడుగాయన తన వాళ్లకి చెబుతూ వచ్చాడు. ఎద్దు చొక్కా ఎత్తే చోట అతను కూడా చొక్కా ఎత్తి చూపించాడు. ఎవరూ నవ్వలేదు.

"ఆగితే మా కూలి ఇంకా తగ్గుతుంది" అన్నాడు పొడుగాయన చివరికి. "కాంట్రాక్టరు పంపేస్తే? ఎద్దు నడుం తన ఊళ్లో విరిగింది. మా నడుం ఎక్కడ విరుగుతుంది?"

వాళ్ల నడుముకి మామ హామీ ఇవ్వలేడు. లేనిది ఉన్నట్టు చెప్పడం నిన్నటితో చాలు అనుకున్నాడు. గ్లాసులో చల్లారిన టీ అంతా ఒక్క గుక్కలో తాగి, గ్లాసు పక్కన పెట్టి, కాలిన చేతికి తగలకుండా పొడుగాయన ముందుకి జరిగి కూర్చున్నాడు.

"అడిగే హక్కు నాకు లేదు. అడుగుతున్నాను" అన్నాడు. "మా తర్వాత ఎవరు పనిలో చేరినా ఎద్దు గేటు దగ్గర ఆపి నడుం చూపించాడు. మిమ్మల్ని ఆపేవాళ్లు లేకపోయారు. నా మాట ఇక వీళ్లు నమ్మరు, నమ్మకూడదు కూడా. నీ మాట నమ్ముతారు. నెలాఖరు ఇంకా ఆరు రోజులుంది. ఒకటో తారీకున మేం గేటు బయట నిలబడతాం, అందుకే నిన్న సాయంత్రమే పాతవాళ్ల ఇళ్లన్నీ తిరిగాను, ఇప్పుడు మీ కూలీ మా కూలీ ఒకటే కావాలని కూడా అడుగుతాం. మీలో ఒక్కణ్ణి పంపినా లోపలికి ఎవరం రాం. మా బావమరిది కూడా వస్తానన్నాడు, వాడు నిన్ను తిడుతూనే వస్తాడు, పట్టించుకోకు. కానీ అంతవరకూ గోడ మీద ముప్పై ఐదు ఉండకూడదు. ఈ ఆరు రోజులూ పని చెయ్యకపోయినా నువ్వు షెడ్డుకి రా. ఆ చెయ్యి దిండు మీద పెట్టుకుని గోడ దగ్గర కూర్చో. మీ వాళ్లు ఇరవై నాలుగో గీత గీయగానే, సుద్దముక్క వాళ్ల చేతిలోంచి నువ్వు తీసుకోవాలి. ఈ ఒక్క సాయం చెయ్యి, తమ్ముడూ."